ఈ తల్లి రొయ్య ఏ నీళ్లది?

విశాఖ చేపల రేవులో తెల్లారకముందు జరిగే టైగర్ తల్లి రొయ్యల బేరం ఒక్కసారైనా చూడాలి. ఐసు కొట్టి పోసిన చేపల గుట్టల పక్కన, గాలి బుడగలు కొడుతున్న తొట్టెలో ఒకే ఒక్క ఆడ రొయ్య తిరుగుతూ ఉంటుంది. హేచరీ నుంచి వచ్చిన కుర్రాడు టార్చిలైటు వేసి వీపు కింద అండాశయం ఎంత ముదిరిందో చూస్తాడు. బేరం వేలల్లో నడుస్తుంది. అలాంటి రొయ్య ఈతకాలి కొస నుంచి గోరుముక్కంత కండ కావాలని అడగడానికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు, బోటు యజమాని నన్ను ఎగాదిగా చూసి ఒకే మాట అన్నాడు: "ఏటి బాబూ, కాలు కోసేత్తే దీన్నెవుడు కొంటాడు?"

ఆయన అన్నది న్యాయమే. ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. తర్వాత కాస్త తెలివొచ్చి, రేవులో ముక్క అడగడం మానేశాను. బోటు నంబరు, వేట జరిగిన చోటు మాత్రం అక్కడ రాసుకుని, రొయ్యను కొన్న హేచరీ దాకా వెళ్లి, అది గుడ్లు పెట్టేశాక ముక్క తీసుకునేవాణ్ని. కత్తిరించిన ఈతకాలు కుబుసం విడిచినప్పుడల్లా కొంచెం కొంచెంగా మళ్లీ మొలుస్తుంది. రొయ్యకు ప్రాణభయం లేదు, ఎవరి డబ్బుకూ నష్టం లేదు. ఈ చిన్న సర్దుబాటు నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

ఫిషరీస్ డిగ్రీ చేసి జన్యుశాస్త్రం వైపు వెళ్లాలనుకునే పిల్లలు, హేచరీల దగ్గర పీసీఆర్ ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్లు, ప్రాజెక్టు అసిస్టెంట్లు, ఊళ్లలోని మత్స్య సహాయకులు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ మెషీన్ నేర్చుకోవాలి సార్?" అని. మెషీన్ ఆరు నెలల్లో వస్తుంది. ఈ పనిలో మంచీ చెడూ తేలేది అంతకు ముందే, రేవులో మీరు ఏం అడిగారు, డబ్బీలో ఏం వేశారు, చీటీ మీద ఏం రాశారు అన్నదాని దగ్గర. సముద్రంలో రొయ్యల సంగతి జన్యువులు చెబుతాయి, నిజమే. అయితే అవి మీరడిగిన ప్రశ్నకే జవాబు చెబుతాయి, మీరిచ్చిన ముక్క గురించే చెబుతాయి.

అసలు ప్రశ్న ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పెద్ద తల్లి ఒక్క కాన్పుకు లక్షల గుడ్లు వదులుతుంది. గుడ్డు పగిలాక నాప్లియస్, జోయా, మైసిస్ దశలు దాటి పిల్ల అయ్యేసరికి రెండు వారాలు అటూ ఇటూ పడుతుంది. అంతకాలం అది ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోయేదే. ఆ తర్వాత కోరింగ లాంటి మడ అడవుల పాయల్లోకి, ఏటి మొగల్లోకి చేరి పెరుగుతుంది. ఎదిగాక మళ్లీ సముద్రానికి. మన తీరం వెంట ప్రవాహం ఏడాదంతా ఒకే దిక్కుకు సాగదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి నడుస్తుంది. కాబట్టి కాకినాడ ఎదురుగా మార్చిలో పుట్టిన పిల్ల ఒడిశా వైపు, నవంబరులో పుట్టిన పిల్ల నెల్లూరు వైపు కొట్టుకుపోవచ్చు. మరి కాకినాడ రొయ్య, పారాదీప్ రొయ్య, చెన్నై రొయ్య ఒకే కుటుంబమా, వేరువేరు కుటుంబాలా? ఒక చోట వేట ఎక్కువైతే ఇంకో చోట దెబ్బ తగులుతుందా? రొయ్యకు ముద్ర వేసి వదిలి మళ్లీ పట్టుకుందామంటే, పిల్ల కనుగుడ్డంత కూడా ఉండదు, పైగా కుబుసం విడుస్తుంది. అందుకే పుట్టుకతో వచ్చిన ముద్ర, అంటే డీఎన్ఏ, పనికొస్తుంది.

ఇక్కడే మొదటి గోతిలో పడతారు చాలామంది. డబ్బీ మీద "విశాఖపట్నం" అని రాస్తారు. విశాఖలో దిగింది నిజం. దొరికింది ఎక్కడ? సోనా రకం మరబోటు రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వస్తుంది. ఒకప్పుడు విశాఖ నుంచి పెద్ద ట్రాలర్లు టైగర్ రొయ్యల కోసం హుగ్లీ మొగ దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా వెళ్లేవి. అలాంటి బోటులో వచ్చిన రొయ్యను విశాఖ రొయ్య అని, పారాదీప్‌లో కొన్నదాన్ని ఒడిశా రొయ్య అని రాసుకుని రెంటినీ పోల్చి, "తేడా లేదు" అని తేల్చేస్తే నవ్వులపాలవుతాం. రెండూ ఒకే మడుగులోవి కావచ్చు. అందుకని సరంగును అడగండి. జీపీఎస్ ఉంటే అంకెలు రాసుకోండి. లేదంటే ఎన్ని బారల లోతు, ఏ లైట్‌హౌస్ ఏ పక్కన, ఎన్ని గంటల ప్రయాణం అని అడగండి. సరంగులు నిజం చెప్పడానికి వెనకాడతారు, మంచి వేటచోటు ఎవరైనా ఊరికే చెబుతారా? నేనైతే అంకెలు పక్క బోటుకు తెలియనివ్వనని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. రిపోర్టులో చోటును స్థూలంగానే వేశాం. ఆ నమ్మకం ఒక్కసారి పోతే ఆ రేవులో మీ ఉద్యోగం అయిపోయినట్టే.

రెండో సంగతి, ఎన్ని తీయాలి, ఎలా తీయాలి. చోటుకు ముప్పై నుంచి యాభై రొయ్యలు ఉంటే చాలా ప్రశ్నలకు సరిపోతుంది. అయితే ఆ యాభై ఒకే వల లాగుడులోంచి రాకూడదు. చిన్న పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒకే పాయలో ఒకే పూట పట్టిన పిల్లలు ఒక తల్లి సంతానమే ఎక్కువై ఉండొచ్చు. నాలుగైదు బోట్ల నుంచి, వేరువేరు రోజుల్లో తీయండి. ఏరుకోవద్దు కూడా. పెద్దవి, అందమైనవి ఏరి డబ్బీలో వేసే అలవాటు అందరికీ ఉంటుంది. ఆ అలవాటుతోనే లెక్క పక్కకు ఒరుగుతుంది.

ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వేయండి. కండ ఒక వంతు అయితే ఇథనాల్ కనీసం అయిదు వంతులు, పది అయితే ఇంకా నయం. మర్నాడు ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయండి. కండలోని నీరు ఊరి ద్రావణం పలచబడి ఉంటుంది కాబట్టి. ఫార్మలిన్ ముట్టుకోవద్దు. మ్యూజియంలో రొయ్య ఆకారం నిలుస్తుందేమో గానీ డీఎన్ఏ ముక్కలు చెక్కలవుతుంది. వార్నిష్ కొట్టు స్పిరిట్ కూడా వద్దు. ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి, ఆ కాగితాలు సీజనుకు నెలల ముందే మొదలుపెట్టాలి. కొరియర్ వాళ్లు మండే ద్రవం తీసుకోరు. పంపే ముందు ఇథనాల్ వంపేసి, తడిగా ఉన్న ముక్కను గట్టిగా మూతపెట్టి పంపి, అక్కడికి చేరగానే మళ్లీ పోయమని చెప్పాలి.

ఇక చీటీ. నా మొదటి ప్రాజెక్టులో రెండు వందల పైచిలుకు డబ్బీల మీద మార్కర్ పెన్నుతో ఎంతో పొందిగ్గా రాశాను. ఐసు పెట్టెలో రెండు మూతలు వదులై ఇథనాల్ కారింది. ల్యాబులో పెట్టె తెరిచేసరికి డబ్బీల మీద నీలం మరకలు తప్ప అక్షరం లేదు. మా గైడు ఏమీ అనలేదు, టీ తాగి రమ్మన్నారు. అంతకన్నా తిడితేనే బాగుండేది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: మందపాటి కాగితం ముక్క మీద పెన్సిలుతో నంబరు రాసి డబ్బీ లోపలే వేయడం. పెన్సిలు గీత ఇథనాల్‌లో కరగదు. బయట మార్కరు ఎటూ ఉంటుంది. పుస్తకంలో అదే నంబరు, తేదీ, బోటు, చోటు, లోతు, ఆడో మగో, పొడవు, ముక్క తీసినవాడి పేరు. ఆ పుస్తకాన్ని అదే రాత్రి ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. నేను చేరిన ఇంకో చోట, పేరెందుకులెండి, ఫ్రీజరు నిండా పాత డబ్బీలు, పుస్తకం మాత్రం బదిలీ అయిన మనిషితో వెళ్లిపోయింది. ఏ రొయ్య ఏ నీళ్లదో చెప్పేవాడు లేక ఆ ఫ్రీజరుకు కరెంటు బిల్లు మాత్రం కడుతూ వచ్చారు.

ల్యాబు సంగతి తొందరగా ముగిస్తాను, అది నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. అందులో సీవోఐ అనే జన్యువు ముక్క జాతిని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. కోరింగ పాయల్లో పట్టిన చిన్న పిల్లల్లో టైగర్ ఏది, తెల్ల రొయ్య ఏది, పచ్చ టైగర్ ఏది అని కంటితో చెప్పడం గట్టివాళ్లకు కూడా కష్టం, సీవోఐ చెప్పేస్తుంది. ఒక మడ పాయ ఏ జాతికి నర్సరీగా ఉందో తేల్చాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అక్కడ వల వేయాలంటే అటవీ శాఖ అనుమతి చేతిలో ఉండాలి, మత్స్య శాఖ ఉత్తరం సరిపోదు. మైక్రోశాటిలైట్లు, అంటే డీఎన్ఏలో పదే పదే వచ్చే చిన్న ముక్కలు, తల్లీ తండ్రీ ఇద్దరి సంగతీ చెబుతాయి, ఎవరి పిల్ల ఎవరిదో తేల్చడానికి గట్టివి. ఇప్పుడు వేల సంఖ్యలో ఎస్ఎన్‌పీలు, అంటే డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలు, చదివే పద్ధతి వచ్చింది, అతి చిన్న తేడాలు కూడా బయటపడుతున్నాయి. మీ ప్రశ్న "ఇది ఏ జాతి?" అయితే వేల ఎస్ఎన్‌పీల మీద డబ్బు తగలేయకండి.

ప్రపంచం మొత్తం మీద టైగర్ రొయ్యను చూస్తే, ఆఫ్రికా, మడగాస్కర్ వైపు ఉన్నవి, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపువి జన్యుపరంగా స్పష్టంగా వేరు. ఆస్ట్రేలియాలోనే పడమటి తీరపు టైగర్‌లో వైవిధ్యం, ఉత్తర, తూర్పు తీరాలవాటిలో కన్నా తక్కువ. థాయిలాండ్‌లో అండమాన్ సముద్రం వైపు రొయ్యలకూ, థాయ్ సింధుశాఖ రొయ్యలకూ తేడా కనిపించింది. మధ్యలో భూమి అడ్డం ఉంది కాబట్టి అర్థం చేసుకోవచ్చు. మన బంగాళాఖాతంలో అలాంటి గోడ లేదు. కాకినాడకు, పారాదీప్‌కు మధ్య పోలిస్తే తేడా అంకె సున్నాకు దగ్గరగా వస్తే ఆశ్చర్యపోవద్దు.

ఆశ్చర్యపోవద్దు గానీ, ఆ సున్నాను ఎలా చదవాలో నేర్చుకోండి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పేరా గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి. రెండు చోట్ల రొయ్యలు జన్యుపరంగా ఒకేలా ఉండాలంటే రెంటి మధ్య రాకపోకలు చాలా తక్కువ ఉన్నా చాలు. తరానికి ఒక్క వలసజీవి వచ్చి కలిసి పిల్లల్ని కంటే తేడాలు పెద్దగా పేరుకోవని జన్యుశాస్త్రవేత్త సూయల్ రైట్ ఎప్పుడో లెక్క కట్టాడు. అసలు సముద్రంలో ఒకటి కాదు పది అనుకోండి, వంద అనుకోండి. ఇప్పుడు కాకినాడ ఎదుట వేట మితిమీరి రొయ్య అడుగంటింది. పారాదీప్ నుంచి వచ్చే ఆ వంద రొయ్యలు వంశం కలపగలవు గానీ, వల నింపగలవా? వేట పడిపోయిన చోటు మళ్లీ నిండాలంటే లక్షల్లో రావాలి. ఊళ్లో ఉదాహరణ చెప్పాలంటే, రెండు ఊళ్ల మధ్య ఏటా ఒక పెళ్లి జరిగితే చాలు, రెండు ఊళ్లూ చుట్టాలే. అలాగని ఒక ఊరు ఖాళీ అయితే ఆ ఒక్క కొత్త కోడలు ఊరంతా నింపదు కదా.

కాబట్టి "జన్యుపరంగా తేడా లేదు" అన్న వాక్యం కింద ఎవరైనా "కనుక అంతా ఒకే నిల్వ, ఎక్కడ పట్టినా ఒకటే" అని రాస్తే, మీరు ప్రాజెక్టు అసిస్టెంటే అయినా సరే, చెయ్యెత్తండి. తేడా కనిపిస్తే అది పనికొచ్చే జవాబు, రెంటినీ విడివిడిగా చూసుకోవాలి. కనిపించకపోతే అది సగం జవాబు. మిగతా సగం బోట్ల లెక్కలు, సైజు లెక్కలు, ప్రవాహాల నమూనాలు చెప్పాలి. ఇంకో మెలిక ఉంది. రొయ్యల సంతానం లాటరీ లాంటిది. ఒక ఏడు కొద్దిమంది తల్లుల పిల్లలకే నీళ్లు, మేత, ప్రవాహం కలిసొచ్చి బతుకుతాయి, మిగిలినవి కొట్టుకుపోతాయి. అందుకే ఒకే చోట రెండేళ్లలో తీసిన శాంపిళ్ల మధ్య తేడా, రెండు చోట్ల ఒకే ఏడు తీసిన శాంపిళ్ల మధ్య తేడా కన్నా ఎక్కువ రావచ్చు. ఒక్క సీజన్ శాంపిళ్లతో తీర్పు చెప్పే రిపోర్టును నేను నమ్మను. కనీసం రెండేళ్లు తీయండి. ప్రాజెక్టు ప్రతిపాదనలో ఆ రెండో ఏడు ఖర్చును ముందే రాయించండి, తర్వాత అడిగితే ఇవ్వరు.

జన్యువులు చెప్పలేనివి కూడా అధికారులు అడుగుతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. దాన్ని ముందుకు జరపాలా వెనక్కి జరపాలా అని డీఎన్ఏను అడిగితే జవాబు రాదు. దానికి నెలనెలా ఆడ రొయ్యల అండాశయాలు చూడాలి. "మా దగ్గర అది లేదు సార్, రేవులో పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషి కావాలి" అని చెప్పగలగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఇప్పుడు సంఖ్య సంగతి. రొయ్యలు కోట్లలో ఉంటాయి కదా, వంశానికి ఏం కొరత అని అందరూ అంటారు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో బ్రౌన్ టైగర్ రొయ్య మీద ఒక మంచి పని జరిగింది. 2001, 2002, 2003 సంవత్సరాల్లో శాంపిళ్లు తీసి, 8 మైక్రోశాటిలైట్లతో చూశారు. వంశాన్ని నిజంగా ముందుకు నడిపే రొయ్యల లెక్క, శాస్త్రవేత్తలు ప్రభావశీల సంఖ్య అంటారు, 797 నుంచి 1304 మధ్య తేలింది. గుడ్లు పెట్టే ఈడు రొయ్యలు అక్కడ లక్షల్లో ఉన్నా, వారసత్వం లెక్కలో వెయ్యి చిల్లరే. వైవిధ్యం పోయేంత ప్రమాదం లేదనే వాళ్లు తేల్చారు. అయినా ఆ అంకె గుర్తుండాలి, ముఖ్యంగా "పిల్లల్ని పెంచి సముద్రంలో వదిలేద్దాం" అనే మాట వినబడినప్పుడు.

ఆ మాట ఈమధ్య గట్టిగానే వినబడుతోంది. మండపం దగ్గర సీఎంఎఫ్ఆర్ఐ పరిశోధన సంస్థ పచ్చ టైగర్ రొయ్య పిల్లల్ని పాక్ అఖాతంలో వదులుతోంది. మన వైపూ అలాంటివి వస్తే హేచరీలో పనిచేసే మీకే పని పడుతుంది. అప్పుడు "ఎన్ని లక్షల పిల్లలు?" అన్నది కాదు అడగాల్సింది. "ఎంతమంది తల్లులవి?" అని అడగండి. ఒక తల్లి లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి పది లక్షల పిల్లల్ని నాలుగైదు తల్లులతో తయారుచేయొచ్చు, ఖర్చూ తక్కువే. కానీ అవన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. కుటుంబాలు తక్కువైన గుంపును పెద్ద ఎత్తున సహజ నిల్వలో కలిపితే మొత్తం వైవిధ్యం తగ్గిపోవచ్చని రైమన్, లైక్రే అనే శాస్త్రవేత్తలు 1991లోనే లెక్కతో చూపించారు.

చిన్న లెక్క మీరే వేసుకోండి. 20 తల్లుల్ని వాడామని రిజిస్టరులో ఉంది. కానీ మూడు తల్లుల పిల్లలు బాగా బతికి, తలా పావు వంతు ఆక్రమించాయి. మిగిలిన పావు వంతును 17 తల్లులు పంచుకున్నాయి. ఒక్కో తల్లి వాటాను వర్గం చేసి కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించండి. 5 చిల్లర వస్తుంది. ఇరవై తల్లులు కాస్తా అయిదయ్యాయి. దీనికి డీఎన్ఏ కూడా అక్కర్లేదు, హేచరీ ట్యాంకుల లెక్క నిజాయితీగా రాస్తే చాలు. ఏ తల్లి ఏ రోజు గుడ్లు పెట్టింది, ఎన్ని నాప్లియస్‌లు వచ్చాయి, ఏ ట్యాంకుకు వెళ్లాయి. మామూలుగా ఈ పుస్తకం మేనేజరు అడిగితే తప్ప ఎవరూ రాయరు. మీరు రాయండి. ఆ పుస్తకం ఉన్న హేచరీకే ఎవరైనా జన్యు ప్రాజెక్టు ఇస్తారు.

ఇలాంటి లెక్క తప్పితే ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు, నీలకంఠ రొయ్యలో, అదే స్కాంపిలో, చూశారు. నెల్లూరులో, గోదావరి, కృష్ణా జిల్లాల్లో స్కాంపి వైభవంగా నడిచి, తర్వాత కుదేలైంది. తెల్లతోక వ్యాధి ఒక కారణం. చెరువులో పెరిగిన వాటినే తల్లులుగా తరతరాలుగా వాడటంతో ఎదుగుదల తగ్గడం ఇంకో కారణం. ఏటికి వెళ్లి కొత్త రక్తం తెచ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. తర్వాత భువనేశ్వర్‌లోని సీఫా సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా నదుల నుంచి అడవి రకాలను తెచ్చి, కలిపి, ఎంపిక చేసుకుంటూ మెరుగైన స్కాంపి తయారుచేసింది. సహజ నిల్వ ఇంకా మిగిలి ఉంది కాబట్టి అది కుదిరింది. చెన్నైలోని సీబా సంస్థ మన తెల్ల రొయ్య జన్యుక్రమాన్ని చదివి ప్రచురించింది. ఆ జాతికి కూడా సముద్రమే విత్తనాల కొట్టు.

పీసీఆర్ ల్యాబుల్లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో చాలామంది వ్యాధి పరీక్షల నుంచే జన్యుశాస్త్రంలోకి వస్తారు, అది మంచి దారి. కానీ రెండూ ఎక్కడ చిక్కుపడతాయో తెలియాలి. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్ ఉంది. దాని ముక్కలు ఎప్పుడో టైగర్ రొయ్య సొంత డీఎన్ఏలోనే అతుక్కుపోయి తరతరాలుగా వస్తున్నాయి. ఆఫ్రికా, ఆస్ట్రేలియా రొయ్యల్లో దీన్ని ముందు గుర్తించారు, మన దేశపు టైగర్‌లోనూ అలాంటివి కనిపించాయి. ఆ రొయ్యకు జబ్బు లేదు, అంటించదు కూడా. అయినా ప్రైమర్ సరైనది కాకపోతే పీసీఆర్ "పాజిటివ్" అంటుంది. వేలు పోసి కొన్న తల్లి రొయ్యను ఆ ఒక్క గీత చూసి పారేస్తారు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ చెప్పిన 309 ప్రైమర్ జత అతుకుడు ముక్కను వదిలేసి, అంటించే వైరస్‌నే పట్టుకుంటుంది. మీ ల్యాబులో ఏ జత వాడుతున్నారో రేపు పొద్దున్నే చూడండి. కిట్టు కంపెనీవాడు చెప్పిందే వేదం అనుకోకండి. ఒకే రొయ్యకు రెండు రకాల ప్రైమర్లతో రెండు రకాల జవాబులు వస్తే, దాన్ని తప్పు అని చించేయక పుస్తకంలో రాయండి. అడవి రొయ్యల్లో ఈ అతుకుడు ముక్కలు ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో చూస్తే అది కూడా నిల్వల సంగతి చెబుతుంది.

ఉద్యోగాల మాటకొస్తే, ఈ పని సీఎంఎఫ్ఆర్ఐ, సీబా, లక్నో ఎన్‌బీఎఫ్‌జీఆర్, ఎంపెడా కింద ఉన్న ఆర్‌జీసీఏ, విశ్వవిద్యాలయాల ప్రాజెక్టుల్లో ఉంటుంది. ముత్తుకూరు మత్స్య కళాశాల పిల్లలకు దారి తెలుసు. నరసాపురం మత్స్య విశ్వవిద్యాలయం వచ్చాక గోదావరి వైపు పిల్లలకూ దగ్గరైంది. చేరే ముందు జీతం ఎంతని అడుగుతారు, అడగండి. దాంతోపాటు శాంపిళ్లు ఎవరు తీస్తారు, ఎన్నేళ్లు తీస్తారు, లెక్కలు ఎవరు కడతారు, ప్రచురణలో శాంపిల్ తీసినవాడి పేరు ఉంటుందా అని కూడా అడగండి. లెక్కలు బయట కట్టించే ప్రాజెక్టులో మీరు మూడేళ్లు డబ్బీలు కడుగుతారు, అంతే. ఆర్ అనే గణాంక భాష కొంత, లైనక్స్ కొంత నేర్చుకోండి. అవి ఉచితం, రాత్రిపూట ఇంట్లో నేర్చుకోవచ్చు. దాంతోపాటు రేవు భాష. బోటు మీద మనుషులతో అరగంట కబుర్లు చెప్పగలిగినవాడికి దొరికే శాంపిల్ ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవాడికీ దొరకదు.

విదేశీ ల్యాబు ఉచితంగా సీక్వెన్సింగ్ చేసి పెడతానంటే ఉబ్బిపోయి డబ్బీలు పంపేయకండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి ముందు తేల్చుకోవాలి. ప్రొఫెసరు గారు చూసుకుంటారులే అనుకుంటే, కొరియర్ రసీదు మీద ఉండేది మీ సంతకం.

ముక్క ఇచ్చిన బోటువాళ్లకు ఏం తేలిందో వెళ్లి చెప్పండి. నేను ఆ మొదటి యజమాని దగ్గరికి రెండేళ్ల తర్వాత వెళ్లి, ఆయన బోటు రొయ్యలూ, పక్క బోటు రొయ్యలూ చుట్టాలేనని చెప్పాను. ఆయన నవ్వి, "అది నాకెప్పుడో తెల్సు గదా బాబూ" అన్నాడు. ఆ పూట మాత్రం వేటచోటు అంకెలు తనే ఇచ్చాడు.

వేట నిషేధం నడిచే రెండు నెలలూ బోట్లు గట్టునే ఉంటాయి. ల్యాబు పని, పాత డబ్బీల ఇథనాల్ మార్పిడి, అనుమతుల కాగితాలు అప్పుడే పూర్తిచేసుకోండి. జూన్ 15న వేటకు కదిలిన పెద్ద బోట్లు తిరిగొచ్చేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా డబ్బీలకు నంబర్లు వేసి, పెన్సిళ్లు చెక్కి పెట్టుకోండి.